సూది నంబరా, దారం నంబరా?

ఇంట్లో అందరూ ఆమెను బొంగరం అనే పిలుస్తారు. చిన్నప్పుడు ఒక్కచోట నిలబడేది కాదట. ఇప్పుడు ముప్పై దాటి, బట్టలు కుట్టే దుకాణంలో పొద్దస్తమానం మిషను ముందు కదలకుండా కూర్చుంటున్నా ఆ పేరు మాత్రం వదల్లేదు. వదలకపోవడానికి కారణం కూడా ఉంది. ఆదివారం వచ్చిందంటే చాలు, అమ్మకీ పెద్దమ్మకీ మధ్య గిరగిరా తిరగడమే ఆమె పని.

ఆ అక్కచెల్లెళ్ళిద్దరికీ ఏళ్ళ తరబడి మాటల్లేవు. పోనీ ఒకరి మొహం ఒకరు చూసుకోరా అంటే, వారం వారం చూసుకుంటారు! అమ్మమ్మ ఉండేది అమ్మ దగ్గర. తల్లిని చూడడానికి పెద్దమ్మ ప్రతి ఆదివారం వస్తుంది. వచ్చి గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుంటుంది. అమ్మ గదిలో ఆ చివర కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంటుంది. నడుమ మంచం మీద అమ్మమ్మ. ఆ రెండు కుర్చీలూ అంగుళం కూడా జరగవు.

"ఎండ కళ్ళలో కొడుతోంది, ఆ తెర వెయ్యమని మీ అమ్మతో చెప్పవే" అంటుంది పెద్దమ్మ, అమ్మకు వినపడేలాగే.

"అమ్మమ్మకి వెలుతురుండాలని డాక్టరు చెప్పాడని మీ పెద్దమ్మతో చెప్పవే" అంటుంది అమ్మ, పెద్దమ్మకు వినపడేలాగే.

విన్న మాటే మళ్ళీ ఈ పిచ్చిది ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు మోయాలి. మోయకపోతే ఇద్దరికీ కోపమే. ఇదెక్కడి చోద్యమో, ఏ ఇంట్లోనూ చూసి ఉండరు.

గొడవ తాతయ్య పోయినప్పటిది. ఆయన పెద్దమ్మ ఇంట్లో పోయాడు. అమ్మ అప్పుడు దూరాన వేరే ఊళ్ళో ఉంది. కబురందగానే కట్టుబట్టలతో బయల్దేరింది, దారిలో రైలు ఆగిపోయింది. "చెల్లెలు వస్తోంది, కాస్త ఆగండి" అని పెద్దమ్మ ఎవరితోనూ అనలేదు. అమ్మ చేరేసరికి అంతా అయిపోయి, వచ్చినవాళ్ళు కూడా వెళ్ళిపోయారు. "ఒక్క పూట ఆగలేకపోయావా?" అని అడిగింది అమ్మ. పెద్దమ్మ జవాబు చెప్పలేదు. ఆ ప్రశ్న దగ్గరే వాళ్ళ మాటలు తెగిపోయాయి.

ఇప్పుడు అమ్మమ్మ కళ్ళ వంతు వచ్చింది. చూపు మెల్లమెల్లగా తగ్గిపోతుందని, పోయింది తిరిగి రాదని డాక్టరు తేల్చేశాడు. అమ్మమ్మ ఏడవలేదు, పెడబొబ్బలు పెట్టలేదు. బొంగరాన్ని మంచం దగ్గరికి పిలిచి, "మీ తాతయ్య కెమెరా బీరువాలో ఉంది. నా ఇద్దరు పిల్లలతో నాకో ఫోటో తియ్యవే. కళ్ళున్నప్పుడే చూసుకుంటాను" అంది.

"వాళ్ళు పక్కపక్కన కూచుంటారా అమ్మమ్మా?"

"ససేమిరా కూచోరు. నేనడిగి చూశాలే. ఎక్కడివాళ్ళని అక్కడే కూచోనీ. ముగ్గురం ఒక్క కాగితంలో ఉంటే నాకంతే చాలు."

అక్కడ మొదలైంది బొంగరం అవస్థ.

దుకాణం పక్కనే ఫోటో స్టూడియో. దాని యజమానిని ఆ వీధిలో అందరూ స్టూడియో బాబాయి అంటారు. మంచివాడే కానీ, ఒక్క మాట అడిగితే పది మాటలు చెప్పి, పదకొండోది చెప్పేలోపు లేచి వెళ్ళిపోయే రకం. ఆయన కెమెరాలో రీలు ఎక్కించి, ఇంటి లోపలి వెలుతురులో ఎంతసేపు తెరవాలో, ఏది తిప్పాలో గడగడా చెప్పి, చివర్న గాజు చుట్టూ ఉన్న రింగు చూపించాడు.

"ఇదీ అసలు సంగతి. లోపల వెలుతురు దూరే కన్నం ఉందే, దాని కొలతలమ్మా ఈ అంకెలు. రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు. కన్నం పెద్దదనుకో, ఒక్క మనిషి మీదే ఫోకస్ నిలుస్తుంది, ముందూ వెనకా అంతా మసక. కన్నం చిన్నదనుకో, ముందు నుంచి వెనకదాకా అందరూ శుభ్రంగా పడతారు. నీకు కావలసింది చిన్న కన్నం. అర్థమైందా?"

"అర్థమైంది బాబాయ్."

ఏం అర్థమైంది, ఆమె మొహం! ఇంతలో ఎవరో ఫోటో దిగడానికి వచ్చారు, ఆయన లోపలికి వెళ్ళిపోయాడు. బొంగరం రింగు వైపు చూసింది. చిన్న కన్నం కావాలి. ఉన్నవాటిలో చిన్న అంకె రెండు. మిషను సూది కొనేటప్పుడు ఎవరైనా ఆలోచిస్తారా? చిన్న నంబరంటే సన్న సూది, పెద్ద నంబరంటే లావు సూది. సన్న సూది చేసే కన్నం సన్నం. పొద్దున లేస్తే ఆ సూదులతోనే కదా ఆమె బతుకు! రింగు తీసుకెళ్ళి రెండు మీద పెట్టింది.

ఆదివారం ముగ్గురూ తమ తమ చోట్లలో కూర్చున్నారు. బొంగరం గుమ్మం బయట నిలబడి కెమెరాకు కన్ను ఆనించింది. కిటికీ వెలుతురులో అమ్మ మొహం బాగా తెలుస్తోంది కాబట్టి ఫోకస్ ఆమె మీద పెట్టింది. అమ్మ కనుబొమలు తీర్చిదిద్దినట్టు కనిపించాయి. అమ్మమ్మ కాస్త మసక. అందరికంటే దగ్గరగా ఉన్న పెద్దమ్మ మాత్రం ముద్దగా అలుక్కుపోయి ఉంది.

ఇదేమిటి? అన్నీ శుభ్రంగా పడతాయన్నాడే! రింగు పదహారుకు తిప్పి చూసింది. అదే మసక. ఎనిమిదికి తిప్పింది. అదే. ఈ చివర నుంచి ఆ చివరిదాకా తిప్పినా లోపల కనిపించేదాంట్లో ఆవగింజంత తేడా లేదు. పాత కెమెరా కదా, కన్ను పెట్టే గాజు బూజు పట్టి ఉంటుందిలే, రీలు మీద సరిగ్గానే పడుతుంది అని తనకు తానే సర్దిచెప్పుకుని, రింగు మళ్ళీ రెండు మీద పెట్టి, టకటకా నొక్కేసింది.

ఫోటోలు వచ్చాక చూడాలి తమాషా. తమాషా చూసేవాళ్ళకు, ఆమెకు కాదు.

"నేనెక్కడున్నానే ఇందులో?" అని అడిగింది పెద్దమ్మ.

"ఇదిగో పెద్దమ్మా, ఈ ముందర."

"ఇదా? నేనా? ఎవరో దుప్పట్లు మూటగట్టి కుర్చీలో పెట్టారనుకున్నాను. మీ అమ్మకి మాత్రం రెప్పల మీద వెంట్రుకలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. అంతేలే, ఎవరి తల్లి వాళ్ళకి ముద్దు."

"అయ్యో, అది కాదు పెద్దమ్మా, కన్నం..."

"నీ కన్నమూ వద్దు, నీ ఫోటో వద్దు. ఇంకోసారి నన్ను కూచోమన్నావంటే ఊరుకోను." మూతి ముడుచుకుని కుర్చీలోంచి లేచింది.

బొంగరానికి ఈ తిట్లు ఒక లెక్క కాదు. అలవాటే. ఆమెకు గుండె కలుక్కుమన్నది తర్వాతి సంగతికి. పెద్దమ్మ వెళ్ళాక అమ్మమ్మ ఆ ఫోటోను ముక్కుకు ఆనేంత దగ్గరగా పెట్టుకుని, వెలుతురుకు అటూ ఇటూ తిప్పి, చాలాసేపు వెతికింది.

"చిన్నది కనపడుతోందే. పెద్దది కనపడ్డం లేదు. అప్పుడే పోయాయా నా కళ్ళు?"

"లేదు అమ్మమ్మా! నీ కళ్ళు కాదు, నేను తీయడం తప్పు. నిజంగా!"

"నా బాధ చూడలేక అంటున్నావులే" అని అమ్మమ్మ ఫోటోను దిండు కింద పెట్టుకుంది.

మర్నాడు దుకాణం తీయకముందే బొంగరం స్టూడియో మీదకు వెళ్ళి పడింది. "నువ్వు చెప్పినట్టే చేశాను బాబాయ్! చిన్న కన్నమే పెట్టాను. చూడు ఏమైందో!"

"ఎంత మీద పెట్టావ్?"

"రెండు."

స్టూడియో బాబాయి నెత్తి కొట్టుకున్నాడు. "రెండంటే పెద్ద కన్నం తల్లీ! పదహారు చిన్నది."

"రెండు కంటే పదహారు చిన్నదా?"

"అవును."

"బాబాయ్, పొద్దున్నే నాతో పరాచికాలా?"

ఆయన కాగితం మీద గుండ్రాలు గీశాడు. గాజు పొడవన్నాడు, దాన్ని భాగించాలన్నాడు, వచ్చేదే కన్నం వెడల్పన్నాడు. చెప్పిన కొద్దీ ఆమెకు తల తిరిగింది. ఆయనకూ చిరాకెత్తింది. ఏం చెయ్యాలో తోచక బొంగరం గోడకు చేరగిలబడి, మెడలో వేలాడుతున్న కొలత టేపును వేళ్ళకు చుట్టుకుంటూ నిలబడింది. ఉన్నట్టుండి, "ఆగు బాబాయ్. ఇది సూది నంబరు కాదు. దారం నంబరు" అంది.

"ఏమిటీ?"

"సూదికి నంబరు పెరిగితే లావు. దారానికి నంబరు పెరిగితే సన్నం. నలభై నంబరు దారం లావు, ఎనభై నంబరు సన్నం. ఇదీ అంతేనా?"

ఈసారి నోరు వెళ్ళబెట్టడం ఆయన వంతైంది. "ఏమో తల్లీ, దారం సంగతి నాకు తెలీదు. నువ్వు పదహారు పెట్టు. అది చాలు నాకు."

"సరే. మరి ఎంత తిప్పినా లోపల మారదేం?"

"మారదు. నువ్వు చూస్తున్నంతసేపూ కన్నం బార్లా తెరిచే ఉంటుంది, లేకపోతే నీకు చీకట్లో ఏం కనపడుతుంది? నువ్వు నొక్కినప్పుడే అది నువ్వు పెట్టిన కొలతకి మూసుకుంటుంది."

"అంటే నేను చూసేదొకటి, ఫిల్ము చూసేదొకటా?"

"అంతే."

"మరి నేను చూడ్డం ఎందుకు?"

ఆయన కెమెరా పక్కన ఉన్న చిన్న మీటను చూపించి, అది నొక్కిపట్టి చూడమన్నాడు. బొంగరం నొక్కింది. లోపలంతా కారుచీకటి అయిపోయింది. "అయ్యయ్యో, చెడిపోయింది!" అని కేక పెట్టి చెయ్యి తీసేసింది. మళ్ళీ వెలుతురొచ్చింది. చెడిపోలేదట. చిన్న కన్నంలోంచి వచ్చే వెలుతురు అంతేనట. మళ్ళీ నొక్కి, కన్ను అలవాటు పడేదాకా ఓపిక పట్టింది. ఆ మసక చీకట్లో స్టూడియోలో ముందున్న స్టూలు, వెనకున్న గడియారం రెండూ నెమ్మదిగా తేలి వచ్చాయి. రెండూ ఒక్కసారే, రెండూ శుభ్రంగా. ఆమెకు ఎందుకో ఏడుపొచ్చినంత పనైంది.

"ఫోకస్ ఎవరి మీద పెట్టను? అమ్మ మీద పెడితే పెద్దమ్మకి కోపం, పెద్దమ్మ మీద పెడితే అమ్మకి కోపం."

"ఇద్దరి మీదా వద్దు. నడుమ ఎవరున్నారు?"

"అమ్మమ్మ."

"ఆవిడ మీద పెట్టు. అక్కణ్ణించి స్పష్టత ముందుకి కొంచెం పాకుతుంది, వెనక్కి ఇంకాస్త ఎక్కువ పాకుతుంది. ఇద్దరూ అందులో పడతారు. కానీ ఒకటి. కన్నం చిన్నది కాబట్టి గదిలో వెలుతురు చాలదు. నాలుగంకెలు నిదానంగా లెక్కపెట్టేదాకా తెరిచి ఉంచాలి. నా స్టాండు పట్టుకెళ్ళు. ఆ కాసేపు ఎవరూ కదలకూడదు, తెలిసిందా?"

ఇక పెద్దమ్మను ఒప్పించాలి. సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళేసరికి ఆమె బట్టలు మడతపెడుతోంది. బొంగరాన్ని చూసి, "ఫోటో అనే మాట నీ నోట్లోంచి రాకూడదు" అంది.

"రాదు పెద్దమ్మా. ఒక్క మాట చెప్పి వెళ్ళిపోతాను. నువ్వు మసగ్గా పడ్డావు కదా, అమ్మమ్మ అది తన కళ్ళ తప్పనుకుంది. పెద్దది కనపడ్డం లేదు, నా కళ్ళు పోయాయంది. నేనెంత చెప్పినా నమ్మలేదు."

పెద్దమ్మ మడతపెట్టిన దుప్పటినే విప్పి మళ్ళీ మడతపెట్టింది. ఆ తర్వాత, "ఆదివారం ఏ పూట?" అని అడిగింది.

ఆదివారం స్టాండు గుమ్మం దగ్గర నిలబెట్టి, బొంగరం రింగు పదహారు మీద పెట్టింది. దారం నంబరు, దారం నంబరు అని లోపల్లోపల జపం చేస్తూనే ఉంది. అమ్మమ్మ ముక్కు మీద ఫోకస్ పెట్టింది. "నేను ఇక అన్నాక నాలుగంకెలు లెక్కపెడతాను. ఎవరూ కదలొద్దు."

"మీ అమ్మకి రెండుసార్లు చెప్పవే. దానికి చిన్నప్పట్నించీ నిలకడ లేదు" అంది పెద్దమ్మ, కెమెరా వైపే చూస్తూ.

"రాయిలా ఎలా కూచోవాలో మీ పెద్దమ్మకి బాగా తెలుసులే, ఆవిడకి చెప్పక్కర్లేదు" అంది అమ్మ వెనక నుంచి.

"ఇక!" అని బొంగరం నొక్కింది. నొక్కినంతసేపూ కెమెరాలో చీకటే, ఏమీ కనపడలేదు. కన్ను తీసి చూడాలన్న ఆలోచన కూడా రాలేదు పాపం, అంకెలు తప్పకుండా లెక్కపెట్టడంలోనే ఉంది ఆమె ప్రాణం. ఇంకొకటి తీద్దామనేలోపే పెద్దమ్మ లేచింది. "ఒకటి చాలు. బొమ్మలా కూచోవడం ఇక నా వల్ల కాదు."

ఫోటో చేతికొచ్చిన రోజు బొంగరం స్టూడియోలోనే స్టూలు మీద కూలబడింది. పెద్దమ్మ వచ్చింది, నుదుటి మీద ముడతతో సహా వచ్చింది. అమ్మమ్మ వచ్చింది. అమ్మ మాత్రం మసక! మెడ దాకా బాగానే ఉంది, పైన మొహమంతా చెదిరిపోయింది. "పదహారే పెట్టాను బాబాయ్! నా ఒట్టు! నడుమ ఫోకస్ పెట్టాను. ఇంకేం చెయ్యాలి నేను?" అని ఏడ్చేసింది.

ఆయన భూతద్దం తెచ్చి ఫోటో మీద పెట్టాడు. "ఏడవకు. ఆవిడ కూచున్న కుర్చీ చూడు. చెక్క మీద గీతలు కనపడుతున్నాయా? ఆ వెనక తెర చూడు, నేత కూడా తెలుస్తోంది. ఫోకస్ కుదిరింది. ఇది ఆ మసక కాదు."

"మసకలో కూడా రకాలా?"

"మరి? మనిషి కదిలింది. సరిగ్గా చూడు, రెండు మొహాలున్నాయి. పల్చగా ఉన్నది మన వైపు, కొంచెంసేపే ఉంది. చిక్కగా ఉన్నది పక్కకి తిరిగింది. ఎక్కువసేపు అటే చూసింది ఆవిడ. ఏముంది అటు?"

బొంగరం ఆ రెండో మొహం చూస్తున్న వైపు వేలు పెట్టి, కాగితం మీద మెల్లగా జరుపుకుంటూ వచ్చింది. వేలు పెద్దమ్మ దగ్గర ఆగింది.

దీన్ని ఏం చెయ్యాలో ఆమెకు పాలుపోలేదు. చూపిస్తే అమ్మ పరువు పోతుందా? చూపించకపోతే అమ్మమ్మకు ఏం చెప్పాలి? ఫోటో బాగా వచ్చినట్టా, రానట్టా? వారమంతా కుట్టినవి విప్పింది, విప్పినవి కుట్టింది. అయినా తేలలేదు.

ఆదివారం అమ్మమ్మే చెయ్యి చాచి అడిగింది. ఇవ్వక తప్పలేదు. అమ్మమ్మ ఫోటోను కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది. మొహం విప్పారింది.

"పెద్దది! ఇదిగో పెద్దది! కనపడుతోందే నాకు!" అని ఆ కాగితాన్ని తడుముకుంది. తర్వాత తడబడింది. "మరి చిన్నదానికేమైందే? రెండు తలలున్నట్టుంది."

"కదిలింది అమ్మమ్మా."

"చెప్పానా!" అంది గుమ్మం దగ్గరి కుర్చీలోంచి పెద్దమ్మ.

"ఎటు కదిలింది?" అంది అమ్మమ్మ.

బొంగరం అమ్మ వైపు చూసింది. అమ్మ తల అడ్డంగా ఊపింది, వద్దని. పెద్దమ్మ వైపు చూసింది. అమ్మమ్మ వేళ్ళు ఇంకా ఆ ఫోటో మీదే ఉన్నాయి. అబద్ధం చెప్పాలంటే నోరు రాలేదు.

"పెద్దమ్మ వైపు. అలా చూస్తూనే ఉండిపోయింది."

పెద్దమ్మ లేచి వచ్చి అమ్మమ్మ చేతిలోంచి ఫోటో తీసుకుంది. గుమ్మం దగ్గర వెలుతురు చాలక కళ్ళు చిట్లించింది. చివరికి వెలుతురు ఎక్కడుందో అక్కడికే, కిటికీ దగ్గరికి నడిచింది. అమ్మ కుర్చీ పక్కనే నిలబడి, ఫోటోను వెలుతురుకు పెట్టి చూసింది. ఎంతసేపు చూసిందో! అప్పుడు తల తిప్పకుండానే అంది.

"కాసేపు కదలకుండా ఉండలేకపోయావా?"

బొంగరం అలవాటు కొద్దీ నోరు తెరిచింది. "అమ్మా, పెద్దమ్మ ఏమంటోందంటే, కాసేపు..."

"నువ్వు ఆగావా?" అంది అమ్మ.

"పెద్దమ్మా, అమ్మ అడుగుతోంది..." బొంగరం మాట అక్కడే నిలిచిపోయింది. తన మాట కోసం అక్కడ ఎవరూ చూడడం లేదు.

"ఆగలేదు" అంది పెద్దమ్మ. "ఆగాల్సింది. అందరూ తొందరపెట్టారు, నా నోరు పెగల్లేదు. నువ్వొచ్చి మొహం మీద అడిగావు. ఏం చెప్పను?"

"ఆ మాట చెప్పడానికి ఇన్నేళ్ళా అక్కా?"

"నువ్వు మళ్ళీ అడిగావా?"

"నేనెందుకు అడగాలి? నాన్న మొహం చూడలేకపోయింది నేను!"

"ఊరికే అరవకు, నాకూ తెలుసు!"

"అరుస్తాను! ఇన్నాళ్ళూ అరవలేదు, ఇప్పుడు అరుస్తాను!"

ఇద్దరి గొంతులూ లేచాయి, ఇద్దరి గొంతులూ పగిలాయి. ఆపాలో, ఊరుకోవాలో, ఇది కలవడమో విడిపోవడమో బొంగరానికి అంతు చిక్కలేదు. మంచం పట్టె పట్టుకుని అలాగే నిలబడింది. అమ్మమ్మ ఆమె చెయ్యి గట్టిగా లాగింది.

"అంత దూరం నా చూపు ఆనడం లేదే. తిట్టుకుంటున్నారా?"

"అవును అమ్మమ్మా."

"నిన్ను మధ్యలో పెట్టుకునా?"

"లేదు. ఒకళ్ళనొకళ్ళే."

"అమ్మయ్య" అంది అమ్మమ్మ, దిండుకు చేరగిలబడి కళ్ళు మూసుకుంటూ.